ముగ్గురికీ ఒకే దారి ఎందుకు కుదరదు

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఇంట్లో మూడు తరాల మిలట్రీ ఉంది. మావయ్యగారికి 76 ఏళ్లు, 1971లో బంగ్లాదేశ్ వైపు యుద్ధం చేశారు. ఏడాది కిందట అత్తయ్య పోయిన దగ్గర్నుంచి రాత్రుళ్లు కేకలు వేస్తున్నారు, మంచం తంతున్నారు. మొన్న దుప్పటి సర్దబోతే నా చెయ్యి విరిగేలా పట్టుకున్నారు. మా అబ్బాయికి 27, సీఆర్పీఎఫ్. ఛత్తీస్‌గఢ్ అడవిలో మందుపాతర పేలి పక్కనున్న స్నేహితుడు పోయాడు, వీడికి పైకి దెబ్బ తగల్లేదు. లీవు మీద వచ్చాడు గానీ నిద్రపోడు, ఫోను వదలడు, సంతకి రమ్మన్నా రాడు. ఇద్దర్నీ బరంపురంలో ఒకే డాక్టరుకి చూపించాం. అక్కడి సైకాలజిస్టు థెరపీ మొదలుపెట్టారు. అబ్బాయి రెండు సిట్టింగులకే మానేశాడు. మావయ్యగారు నాలుగుసార్లు వెళ్లినా “అంతా బాగుంది బాబూ” అనడం తప్ప నోరు విప్పలేదట. బరంపురంలోనే ఉండే మా అన్నయ్య శాంతి సేనలో శ్రీలంక వెళ్లొచ్చినవాడు, 59 ఏళ్లు, బ్యాంకులో గన్‌మేన్. ఆయన తాగుడు ఆయనది, ఆ సంగతి రాయడం అనవసరం. జబ్బు ఒకటే, పీటీఎస్‌డీ (ఘోరం చూశాక మనసుకి మిగిలిపోయే గాయం) అంటున్నారు, మరి వైద్యం వీళ్లకెందుకు పట్టడం లేదు? ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెట్టి మనసులోది చెప్పుకోమంటే తేలికపడతారా?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

సమాధానం: రాయడం అనవసరం అన్నారు గానీ, ముగ్గురిలో ముందు చూడాల్సింది మీ అన్నయ్యని. రోజూ తాగుతారు, చేసేది గన్‌మేన్ పని. ఈ పనికి చాలామంది మాజీ సైనికులు సొంత లైసెన్సు మీద కొన్న డబుల్ బ్యారెల్ తుపాకీతో వెళ్తారు. డ్యూటీ దిగాక అది ఇంటికే వస్తుంది. మందూ తుపాకీ ఒకే గదిలో ఉన్నంతకాలం థెరపీ సంగతి తర్వాతే. లైసెన్సున్న ఆయుధాన్ని పోలీసు స్టేషన్లో గానీ, లైసెన్సున్న ఆయుధాల వ్యాపారి దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు. డిపాజిట్ చేసినంత మాత్రాన లైసెన్సు రద్దు కాదు. ఉద్యోగం పోతుందని ఆయన ఒప్పుకోకపోతే, కనీసం తూటాలు విడిగా, తాళంలో, తాళంచెవి మీ వదిన దగ్గర ఉండాలి. తర్వాత ఆయన తాగని వేళ చూసి సూటిగా అడగండి: “అన్నయ్యా, చచ్చిపోతే బాగుండునని అనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఔనంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని ఇలాంటివి దాచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు.

ఇంకో జాగ్రత్త. తాగుడు మాన్పించాలని పిల్లల మీద ఒట్టు వేయించడం, అయ్యప్ప మాల వేయించడం మన వైపు మామూలే. ఏళ్ల తరబడి రోజూ తాగే ఒంటికి ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజులోపు మతి చెదిరి, లేనివి కనిపించి, జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసుకున్న మూడో రోజున “స్వామి పూనాడు” అని అందరూ దండం పెట్టేది కొన్నిసార్లు ఈ స్థితికే. మానడం డాక్టరు చూపులో, మందులతో, బి1 విటమినుతో జరగాలి. తాగుడు పూర్తిగా పోయేదాకా యుద్ధపు గాయాన్ని ముట్టుకోకూడదన్న పాత నియమం మాత్రం ఇప్పుడు లేదు, రెంటికీ కలిపి వైద్యం చేస్తారు. సిట్టింగు రోజున తాగకుండా రావాలి, అంతే.

ఇక మీ అసలు ప్రశ్న. వైద్యం గుండెకాయ ముగ్గురికీ ఒకటే: మనసు తప్పించుకు తిరుగుతున్న జ్ఞాపకం దగ్గరికి, క్షేమమైన చోట కూర్చుని, ఒక పద్ధతిలో మళ్లీ వెళ్లడం. దీనికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్: ఆ సంఘటనని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు పదేపదే చెప్పిస్తారు. మామూలుగా వారానికొకటి చొప్పున 8 నుంచి 15 సిట్టింగులు, ఒక్కోటి 90 నిమిషాలు. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీలో సంఘటన కంటే, అది మిగిల్చిన నమ్మకాల మీద పని. “నేను లేటు చేయడం వల్లే వాడు పోయాడు” లాంటి వాక్యాన్ని కాగితం మీద పెట్టి, సాక్ష్యం అడుగుతూ విప్పుతారు. ఇది 12 సిట్టింగులు. కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ మూడోది. పదేసి నిమిషాలు కూర్చోబెట్టి, ధైర్యంగా ఉండమని చెప్పి, చీటీ రాసిచ్చేది మాత్రం ఈ మూడింట్లో ఏదీ కాదు. అందుకే ముందుగా సైకాలజిస్టుని మూడే అడగండి: ఏ పద్ధతి, ఎన్ని సిట్టింగులు, తగ్గిందో లేదో దేంతో కొలుస్తారు? కొలతకి పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పట్టీ ఉంది. 80కి లెక్క. 31–33 దాటితే జబ్బు ఉందని అనుమానిస్తారు, 10 తగ్గితే నిజంగా తేడా వచ్చినట్టు. లెక్కలేని థెరపీ తూకంలేని బేరం లాంటిది.

అద్భుతాలు మాత్రం ఆశించకండి. సైనికుల మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసిన సమీక్ష ఒకటి 2015లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చింది. ఎక్స్‌పోజర్, కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీల వల్ల 49 నుంచి 70 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది, అయినా దాదాపు మూడింట రెండు వంతుల మందికి వైద్యం ముగిశాక కూడా జబ్బు పేరు చెరగలేదు. అంటే చాలామందికి నిద్ర వస్తుంది, కోపం తగ్గుతుంది, ఇంట్లో మనిషిగా మసలుతారు. దీపావళి టపాకాయకి ఉలిక్కిపడటం మాత్రం కొంత మిగిలిపోవచ్చు.

తరాల తేడా ఉన్నది మందులో కాదు, మనిషి ఏ గుమ్మంలోంచి లోపలికి వస్తాడు, ఎక్కడ ఆగిపోతాడు అన్నదాంట్లో. అమెరికాలో వియత్నాం యుద్ధం చేసినవాళ్లనీ ఇరాక్, అఫ్గానిస్తాన్ వెళ్లొచ్చినవాళ్లనీ పోల్చి చూశారు. కుర్రవాళ్లు మధ్యలోనే మానేయడం ఎక్కువ. పెద్దవాళ్లు వరసగా వస్తారు గానీ లోపలిది బయటికి తీయడానికి ఎక్కువ కాలం పడుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే. ఒకరు రెండింటికి మానేశారు, ఇంకొకరు నాలుగింటికీ వెళ్లి కూర్చున్నారు. చివరిదాకా నిలిస్తే ఇద్దరికీ మేలు జరుగుతుంది.

మావయ్యగారి సంగతికి వద్దాం. ఆయన యుద్ధం డిసెంబరు 3 నుంచి 16 దాకా, పదమూడు రోజులు. ఈ జబ్బు పీటీఎస్‌డీ అన్న పేరుతో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలోకి ఎక్కింది 1980లో, అంటే ఆయన తిరిగొచ్చిన తొమ్మిదేళ్లకి. పేరే లేని దాన్ని ఆయన తరం ఏమని చెప్పుకుంటుంది? గుండె దడ, కడుపులో మంట, ఒళ్లు నొప్పులు అంటారు. “భయం” అన్న మాట పల్టన్‌లో నోట రానివ్వని మాట. సైకాలజిస్టు మొదటి సిట్టింగులోనే ‘మీకు ఎలా అనిపించింది’ అని అడిగితే “అంతా బాగుంది బాబూ” కాక ఇంకేం వస్తుంది? అది మొండితనం కాదు, మర్యాద.

యాభై ఏళ్లు లేనిది ఇప్పుడెందుకు? రిటైర్మెంటు, భార్య పోవడం, పెద్ద జబ్బు – ఈ మూడింటి తర్వాత పాత యుద్ధం తిరిగి రావడం వైద్యులకి తెలిసిన సంగతే. పనీ సంసారమూ అన్నేళ్లు దాన్ని అణిచిపెడతాయి. ఇలాంటి ఇళ్లలో రాత్రి ఉలిక్కిపడి లేచిన మనిషిని భుజం తట్టి, మంచినీళ్లిచ్చి, పొద్దున ఎవరికీ చెప్పకుండా సర్దుకునేది భార్యే. ఆ మనిషి పోయాక సంగతి ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

అయినా ఇదంతా యుద్ధమేనని తేల్చేయకండి. నిద్రలో తన్నడం, గుద్దడం, కేకలు వేయడం యాభై దాటిన మగవాళ్లలో వేరే జబ్బు కూడా కావచ్చు. కలగనేటప్పుడు ఒళ్లు కదలకుండా పట్టి ఉంచే మెదడు బిగింపు సడలి, కలలో చేసేది మంచం మీద చేసేస్తారు. దీన్ని రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. కొందరిలో ఏళ్ల తర్వాత వచ్చే పార్కిన్సన్స్‌కి ఇది ముందస్తు గుర్తు. పైగా పీటీఎస్‌డీకి మామూలుగా రాసే సెర్ట్రలిన్, వెన్లాఫాక్సిన్ లాంటి మాత్రలు దీన్ని ఎక్కువ చేయగలవు. కాబట్టి గుమ్మం దగ్గర నుంచి రెండు మూడు రాత్రులు ఫోనులో వీడియో తీయండి, టైము రాసుకోండి. తెల్లవారుజాము వైపు ఎక్కువగా జరిగి, పిలవగానే తెలివిగా లేచి, కల చెప్పగలుగుతుంటే అనుమానం బలపడుతుంది. చేతి వణుకు, మలబద్ధకం, కూర తాలింపు వాసన తెలియకపోవడం, నడకలో నెమ్మది ఉన్నాయేమో గమనించి అవి కూడా చెప్పండి. న్యూరాలజిస్టు చూడాలి, అవసరమైతే రాత్రంతా ఆసుపత్రిలో పడుకోబెట్టి నిద్ర పరీక్ష చేస్తారు. రెండు జబ్బులూ కలిసి ఉండటమూ లేకపోలేదు.

ఈలోగా పరుపు నేల మీద వేయండి. చేతికర్ర, గాజు గ్లాసు, టార్చిలైటు దూరంగా పెట్టండి. కేక వినబడితే ముట్టుకోకండి, మీ చెయ్యి దాదాపు విరిగింది అందుకే. లైటు వేసి, కాళ్ల వైపు నిలబడి, మీరు రోజూ పిలిచే పిలుపుతో పిలవండి: “మావయ్యా, ఇది మన ఇల్లు, పర్లాకిమిడి, నేను మీ కోడల్ని.” కళ్లు తెరిచి మిమ్మల్ని గుర్తుపట్టాకే దగ్గరికి వెళ్లండి.

చెవులు కూడా పరీక్ష చేయించండి. వయసు ఒకటి, కాల్పుల మోత ఒకటి. చాలామంది పాత సైనికులకి కీచుగా ఉండే సన్నటి శబ్దాలు వినపడవు, తల ఊపి సరే అంటారు. నాలుగు సిట్టింగుల మౌనంలో సగం వినపడకపోవడమే అయి ఉండొచ్చు. ఇది చిన్న విషయమని వదిలేస్తారు గానీ, థెరపీ అంటేనే మాట. మిగతా సగం భాష. బరంపురంలో సైకాలజిస్టు ఒడియాలోనో హిందీలోనో అడుగుతారు. సైన్యంలో జరిగినదంతా ఆయన బుర్రలో హిందీలోనే ఉంటుంది: హుకుములు, కేకలు, తోటివాళ్ల పేర్లు. సంఘటనని హిందీలోనే చెప్పనివ్వండి. దాని గురించి బాధపడటానికి మాత్రం తెలుగు కావాలి. సైకాలజిస్టుకి తెలుగు రాకపోతే ఇంటి మనిషిని దుబాసీగా కూర్చోబెట్టకండి. కోడలి ముందు ఆయన ఈ జన్మలో చెప్పరు. విశాఖలో గానీ శ్రీకాకుళంలో గానీ తెలుగు వచ్చినవాళ్లని వెతకడం మేలు. కొన్ని సిట్టింగులు వీడియోకాల్లో కూడా పెట్టుకోవచ్చు.

ఈ వయసుకి థెరపీ తీరు కొంచెం మార్చమని అడగండి. మొదటి మూడు నాలుగు సిట్టింగులు జీవితాన్ని వరసగా చెప్పించడానికి: ఊరు, భర్తీ, ట్రైనింగు, మొదటి పోస్టింగు. ఆ వరసలో ఆ పదమూడు రోజులు వాటంతట అవే వస్తాయి. 90 నిమిషాలకి బదులు 45, మధ్యాహ్నానికి బదులు పొద్దున, 12కి బదులు 16 సిట్టింగులైనా పర్వాలేదు. చెప్పుకున్నది చివర్లో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసివ్వాలి. గుండెజబ్బు ఉంటే ముందు గుండె డాక్టరుతో ఒక మాట చెప్పించండి. అదుపులో ఉన్న గుండెకి ఎక్స్‌పోజర్ నిషేధం కాదు. మతిమరుపు మొదలైందేమో కూడా చూడాలి. మొదలైతే జ్ఞాపకాన్ని తవ్వే పద్ధతి కాకుండా, నిద్ర, దినచర్య, ఇంట్లో భద్రత మీద పని చేస్తారు.

మాత్రల విషయంలో మూడు చోట్ల తేడా కొడుతుంది. సెర్ట్రలిన్ జాతి మాత్రలు పెద్దవాళ్లలో ఒంట్లో సోడియం పడగొట్టగలవు, బీపీకి నీరు పోయే మాత్ర వేసుకుంటుంటే మరీను. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో సోడియం పరీక్ష చేయించండి. కొత్తగా తికమక, తూలు కనిపిస్తే అంతవరకూ కూడా ఆగొద్దు. ఆస్పిరిన్ వాడుతుంటే రక్తస్రావం ముప్పు కూడా ఉంది, డాక్టరుకి చెప్పండి. పీడకలలకి రాసే ప్రాజోసిన్ బీపీ తగ్గించే మందు. రాత్రి 1 మిల్లీగ్రాముతో మొదలుపెడతారు. ప్రోస్టేటుకి టామ్సులోసిన్ కూడా వేసుకుంటుంటే, అర్ధరాత్రి బాత్రూముకి లేచి కళ్లు తిరిగి పడి తుంటి విరగ్గొట్టుకునే అవకాశం ఎక్కువ. మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేవాలి. మూడోది మందులషాపులో చీటీ లేకుండా దొరికే అల్ప్రాజోలం. దాంతో పీటీఎస్‌డీ తగ్గదు, మతీ నడకా మాత్రం పాడవుతాయి. ఇప్పటికే నెలల తరబడి వాడుతుంటే చటుక్కున ఆపకండి, డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

ఆయన పింఛనుదారు గనక ఇ.సి.హెచ్.ఎస్. (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఉండాలి. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవాళ్లకి చందా కూడా లేదు. కార్డు మీద ఏ పాలీక్లినిక్కు ఉందో చూసి, ఏ ఆసుపత్రికి వెళ్లాలో, ఆయన వయసుకి రిఫరల్ కావాలో లేదో అక్కడ ముందే కనుక్కోండి. పథకంలో లేని ప్రైవేటు ఆసుపత్రికి నేరుగా వెళ్లి తర్వాత బిల్లు పెట్టుకుంటామంటే ఎమర్జెన్సీకి తప్ప కుదరదు.

మీ అన్నయ్య గుమ్మం వేరు. ఆయన్ని “మానసిక వైద్యుడు” అంటూ పిలిస్తే రారు. షుగరు, లివరు పరీక్ష అనే నెపంతో పాలీక్లినిక్కుకి తీసుకెళ్లడం అబద్ధమేమీ కాదు, తాగేవాళ్లకి అవి నిజంగానే కావాలి. అక్కడి డాక్టరుకి ముందే చెప్పి ఉంచండి. శ్రీలంక వెళ్లొచ్చినవాళ్ల గాయంలో భయం కన్నా చేదు ఎక్కువ. 1987లో శాంతి సేనగా వెళ్లారు, కాపాడతామన్నవాళ్లతోనే యుద్ధం చేయాల్సివచ్చింది. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో దిగినప్పుడు స్వాగతానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. 1971కి విజయ్ దివస్ ఉంది, కార్గిల్‌కీ ఉంది, వీళ్లకి లేదు. “ఎందుకు వెళ్లాం, ఎవర్ని చంపాం” అన్న ప్రశ్న మోసేవాళ్లకి భయాన్ని తగ్గించే ఎక్స్‌పోజర్ కంటే, తప్పూ బాధ్యతా విడదీసే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ చాలాసార్లు దగ్గరగా వస్తుంది. అయితే చికిత్సకుడు తొందరపడి “మీ తప్పేం లేదు” అన్నాడా, ఆ మనిషి మళ్లీ రాడు. కొన్ని పనుల్లో తప్పు నిజంగా ఉండొచ్చు. దాన్ని ఒప్పుకుని, దాంతో బతకడం ఎలాగో చూడటమే అక్కడ చేయాల్సిన పని. రాత్రి డ్యూటీ అయితే పగటికి మార్చమని బ్యాంకుని అడగండి. పగలు పడుకుని రాత్రి కాపలా కాసేవాడికి ‘కాపలా మనసు’ తగ్గడం కష్టం.

ముగ్గుర్నీ కలిపి కూర్చోబెట్టొద్దు. గ్రూపు థెరపీ లేకపోలేదు గానీ, ఒకే యుద్ధం చేసి, ఇంచుమించు ఒకే వయసున్నవాళ్లకి, నడిపించే నిపుణుడు ఉన్నచోట. ఇంట్లో అయితే పోలిక మొదలవుతుంది. “మేం ట్యాంకులకి ఎదురెళ్లాం, మీది రోడ్డు మీద బాంబు, అదీ ఒక యుద్ధమేనా” అని తాతగారు ఒక్క మాటంటే చాలు, మనవడు ఆర్నెల్లు నోరు విప్పడు. నిజానికి మావయ్యగారికి శత్రువు ఎటు ఉన్నాడో తెలుసు, యుద్ధం ముగిసిన తేదీ కూడా తెలుసు. మీ అబ్బాయికి నడిచే దారే శత్రువు, లీవు అయ్యాక మళ్లీ అదే దారి. రెంటినీ తూచడానికి తక్కెడ లేదు. తాతా మనవడూ కలిసి చేయగలిగిన పని వేరే ఉంది: తాతగారు ఇంట్లో మళ్లీ వినాల్సిన సిట్టింగు రికార్డింగుని ఫోనులో పెట్టివ్వడం మనవడి పని, మనవడిని సిట్టింగుకి బస్సులో తోడు తీసుకెళ్లి బయట బెంచీ మీద కూర్చోవడం తాతగారి పని. ఏం మాట్లాడుకున్నారో ఒకరినొకరు అడగకూడదు, ఇది ముందే చెప్పండి.

అబ్బాయి విషయంలో మీరు చూడాల్సింది ఒకటుంది. ఎక్స్‌పోజర్ పద్ధతిలో మొదటి రెండు సిట్టింగులూ పరిచయానికే పోతాయి: జబ్బు వివరం, శ్వాస, తప్పించుకుంటున్న పనుల జాబితా. జ్ఞాపకాన్ని చెప్పించడం మొదలయ్యేది మూడో సిట్టింగులో. అంటే మీవాడు వైద్యం పనిచేయక మానలేదు, మొదలవబోతుంటే మానేశాడు. ఇది ఈ వయసులో చాలా మామూలు. “నీకు తగ్గలేదు కదా” అనకండి, “ఇంకా మొదలే కాలేదు” అనండి. మూడు, నాలుగు సిట్టింగుల్లో కలలూ చిరాకూ కాస్త పెరగవచ్చు. గాయం కడిగేటప్పటి మంట అది, సాధారణంగా తగ్గిపోతుంది. ముందే తెలిస్తే భయపడరు.

మానడానికి రెండో కారణం వాడు మీకు చెప్పి ఉండడు: కేటగిరీ. బలగాల్లో ఆరోగ్యాన్ని షేప్ అనే అక్షరాలతో లెక్కిస్తారు, మొదటి ఎస్ మనసుది. అది దిగితే పోస్టింగు, ప్రమోషను దెబ్బతింటాయన్న భయం ఉత్త భయం కాదు. అలాగని దాచి, నిద్రలేని కళ్లతో, తుపాకీతో అదే అడవికి వెళ్లడం కేటగిరీ దిగడం కన్నా పెద్ద ముప్పు. మా అభిప్రాయం ఇది: లీవులో బయట థెరపీ చేయించుకోవడం అతని హక్కు. 2017 చట్టం 23వ సెక్షను ప్రకారం బయటి డాక్టరు ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి. నిద్ర లేకపోవడం, చేయి వణకడం, చచ్చిపోవాలనిపించడం ఉంటే మాత్రం దాచకుండా తమ బలగం కాంపోజిట్ హాస్పిటల్‌లో చెప్పుకోవాలి. భువనేశ్వర్‌లోనూ హైదరాబాద్‌లోనూ ఉన్నాయి.

పేలుడు దగ్గర ఉన్నాడన్నారు. పైకి దెబ్బ లేకపోయినా ఆ గాలి ఒత్తిడికి మెదడు కదిలి ఉండొచ్చు. ఆ క్షణం స్పృహ తప్పిందా, ముందూ వెనకా మరిచిపోయాడా, ఇప్పుడు తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మాట వెతుక్కోవడం ఉన్నాయా అని అడగండి. ఉంటే సైకాలజిస్టుకి చెప్పాలి. థెరపీ ఆపక్కర్లేదు గానీ సిట్టింగులు చిన్నవి చేసి, రాతపూర్వకంగా గుర్తుచేయాలి.

“ఫోను వదలడు” అన్నారు, అందులో ఏం చూస్తున్నాడో అడగండి. ఈ తరానికి యుద్ధం జేబులో ఉంటుంది: సంఘటన జరిగిన చోట తీసిన వీడియోలు, పోయినవాడి ఫొటోలు, యూనిట్ గ్రూపులో రోజూ వచ్చే వార్తలు. రాత్రి రెండింటికి ఆ వీడియో ఇరవైసార్లు చూడటం ఎక్స్‌పోజర్ అనుకుంటారు కొందరు. కాదు. థెరపీలో చెప్పేది మొదలూ తుదీ ఉన్న కథ, చెప్పాక దాని గురించి మాట్లాడుకుంటారు. వీడియో పేలుడు దగ్గరే మొదలై పేలుడు దగ్గరే ఆగుతుంది, మనసు అక్కడే తిరుగుతుంది. తుడిచేయమని గొడవ పెట్టకండి, స్నేహితుడి ఆఖరి గుర్తు అది. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టించండి, ఫోనులోంచి తీయించండి.

ఇంటి దగ్గర చేసే మెట్లు కూడా థెరపీలో భాగమే. భయానికి 0 నుంచి 100 మార్కులు వేయించి జాబితా రాస్తారు. మీ ఊరికి ఇలా ఉండొచ్చు: పొద్దున్నే పాలకి వెళ్లడం 20, మామూలు రోజున గుడి 35, సంత చివరి గంటలో 50, గుణుపురం రైల్లో మధ్య సీటు 65, పెళ్లి ఊరేగింపులో బాణాసంచాకి యాభై అడుగుల దూరం 80. ఒక్కో మెట్టు దగ్గర భయం సగానికి పడేదాకా ఉండాలి, 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. పది నిమిషాలకే ఇంటికొచ్చేస్తే భయం గెలిచినట్టే, తర్వాతిసారి ఎక్కువవుతుంది. గోడకి వీపు ఆనించి నిలబడటం, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, పక్కన అమ్మ – ఇవి ఉంటే మెట్టు ఎక్కినట్టు లెక్క కాదు. మొదటి రెండుసార్లు తోడు వెళ్లి తర్వాత తప్పుకోండి.

ఇంకో చిన్న చిక్కు. మన సరిహద్దు పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదివింది ఒడియా మీడియం. శ్రీకాకుళం నుంచి తెలుగు హోంవర్క్ కాగితాలు ఇస్తే చదవలేక, ఆ మాట చెప్పలేక, “చేశాను” అంటారు. ఒడియాలోనే రాయమనండి, లేదా ఫోనులో రికార్డు చేయమనండి.

వారానికొక సిట్టింగు లీవులో ఉన్నవాడికి కుదరదు. 2018లో జామాలో వచ్చిన ప్రయోగంలో సర్వీసులో ఉన్న సైనికులకి పది సిట్టింగులు రెండు వారాల్లో, రోజుకొకటి చొప్పున పెట్టారు. ఎనిమిది వారాల్లో పెట్టినప్పటికన్నా ఫలితం తీసికట్టు కాలేదు. ఇంకా చిన్నది రాత పద్ధతి: ఐదు సిట్టింగులు, ప్రతిసారీ 30 నిమిషాలు ఆ సంఘటనని చేత్తో రాయడం, ఇంటి పని లేదు. అదే ఏడాది వచ్చిన పోలికలో అది 12 సిట్టింగుల కాగ్నిటివ్ ప్రాసెసింగ్‌కి సమానంగా నిలిచింది. మధ్యలో మానేసినవాళ్లు కాగ్నిటివ్ ప్రాసెసింగ్‌లో దాదాపు 40 శాతం, రాత పద్ధతిలో 6 శాతం. మాట్లాడటానికి ఇష్టపడని కుర్రాడికి ఇది సరిపోతుంది.

అర్ధరాత్రి ముగ్గురిలో ఎవరికి అవసరమైనా 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఖర్చు లేదు, తెలుగు ఎంచుకోవచ్చు. సైనికుల కోసం పుణెలో దీని ప్రత్యేక విభాగం 2023 డిసెంబరులో మొదలైంది.

ఇప్పుడు అబ్బాయి లీవు ఇంకా ఎన్ని రోజులుందో లెక్క చూడండి. ఇరవై రోజులకి పైన ఉంటే బరంపురంలోనో విశాఖలోనో బంధువుల ఇంట్లో బస పెట్టి రెండు వారాల పద్ధతి అడగండి, చివరి వారం ఇంటి దగ్గర మెట్లకి ఉంచండి. పది పన్నెండు రోజులే ఉంటే ఐదు సిట్టింగుల రాత పద్ధతి. నాలుగు రోజులే ఉంటే జ్ఞాపకం తెరవొద్దు: నిద్ర సరిచేయడం, ఫోను ఖాళీ చేయడం, వచ్చే లీవుకి మొదటి తేదీ ఇప్పుడే రాయించుకోవడం. ఆ తేదీ చీటీ వాడి పర్సులో పెట్టండి, ఒక నకలు మీ దగ్గర.